బాద్షా డైరీ: కట్టేసి పెంచిన మగ గుర్రంతో మా పని ఎక్కడిదాకా వచ్చింది

దసరా వెళ్ళాక

ముందు పనేంటో చెప్తా. మా మావయ్య కొన్న మగ గుర్రాన్ని ఒక మనిషి ఒక తాడుతో గెడ్డ (వాగు) దాకా నడిపించి మళ్ళీ తెచ్చి సాలలో పెట్టగలగాలి, గిట్టలు ఎత్తి చూడగలగాలి, డాక్టరు గారు సూది వేస్తుంటే కదలకుండా నిలబడాలి. అంతే. డప్పులకి గంతులేయించడం, వెనక కాళ్ళ మీద లేపడం లాంటివి మాకొద్దు.

మాది ఆమదాలవలస దగ్గర నాగావళి ఒడ్డు ఊరు. స్టేషన్ బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటాది చూడండి, అక్కడ్నించి టౌన్లోకి మా తాతయ్య జట్కా తోలేవాడు. ఇంట్లో గుర్రం కొత్త కాదు గానీ తాతయ్య దగ్గరున్నవన్నీ విత్తులు కొట్టించినవో ఆడవో, మగదాన్ని మగదానిలా ఉంచింది ఎప్పుడూ లేదు. మావయ్యకేమో చిన్నప్పట్నించి ఒక జాతి గుర్రం ఉండాలని కోరిక, అది ఇప్పటికి తీరింది. పేరు బాద్షా, మార్వాడీ రకం, చెవులు పైకి లేచి లోపలికి వంగి కొసలు ఒకదానికొకటి తగుల్తుంటాయి, ఎర్రమట్టి రంగు ఒళ్ళు, నల్ల జూలు. ఇంతకు ముందు పెళ్ళి ఊరేగింపులకి తిప్పినవాళ్ళు పొగరు పట్టింది, మనిషిని కరుస్తాది అని తక్కువకి అమ్మేశారు.

వయసు అయిదు అన్నారు. నోరు తెరిచి చూశాం. మగ గుర్రాలకి ముందు పళ్ళకీ దవడ పళ్ళకీ మధ్య ఖాళీలో కోరపళ్ళు వస్తాయి, అవి నాలుగు అయిదేళ్ళ మధ్య బయటికొస్తాయి, ఆడవాటికి చాలా వరకు రావు. బాద్షాకి నాలుగు కోరలూ వచ్చి ఉన్నాయి, కొసలు ఇంకా పదునుగానే ఉన్నాయి. వయసు మాట నిజమే. కరిస్తే ఏమవుతుందో కూడా ఆ కోరలు చూస్తే తెలిసిపోతుంది.

కొనేవాళ్ళకి ఒక్క మాట, గ్లాండర్స్ టెస్టు నెగెటివ్ కాగితం చూడకుండా ఏ గుర్రాన్నీ ఊళ్ళోకి తేవద్దు. బర్ఖోల్డేరియా మల్లై అనే బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు అది, మనుషులకి కూడా అంటుకుంటుంది, పశువుల అంటువ్యాధుల మీద వచ్చిన 2009 చట్టం ప్రకారం వస్తే కచ్చితంగా పశువైద్య శాఖకి చెప్పాల్సిన జబ్బుల్లో ఒకటి. రక్తం శాంపిల్ పరీక్షకి దేశంలో ప్రధాన ల్యాబు హిస్సార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం. మా డాక్టరు గారు కాగితం చేతికొచ్చేదాకా లారీ ఎక్కించొద్దన్నారు, వచ్చాక కూడా కొన్ని వారాలు వేరే పశువులకి దూరంగా మామిడి తోటలోనే ఉంచమన్నారు.

వచ్చిన రోజు చూసింది ఇంకా కళ్ళ ముందే ఉంది. వెనక కాళ్ళకి గిట్ట పైన, చీలమండ దగ్గర, రోమాలు తెల్లగా ఉన్నాయి రెండు కాళ్ళకీ ఒకే ఎత్తులో, పట్టీ కట్టినట్టు. పుట్టుకతో వచ్చిన తెలుపేమో అనుకుంటారు చూసినవాళ్ళు. వేలు పెట్టి తడిమితే కింద చర్మం గట్టిగా ముడతపడి ఉంది. తాడు ఏళ్ళ తరబడి రాసుకుని పుండు పడి మాని, ఆ చోట రంగు పోయి తెల్ల రోమాలు వచ్చాయి. అగాడి పిచ్చాడి కట్టు అది. తల నుంచి రెండు తాళ్ళు ముందు గుంజలకి, వెనక కాళ్ళ నుంచి తాళ్ళు వెనక గుంజకి, గుర్రం మధ్యలో. పడుకోవడానికి, లేవడానికి తప్ప తిరగడానికి లేదు. ఊరేగింపు ఉన్న రోజు విప్పుతారు, జనంలోకి, లైట్లలోకి, బ్యాండులోకి. మిగతా రోజులన్నీ అదే చోటు. అలా పెరిగిన జంతువు మనిషి దగ్గరికొస్తే పళ్ళు చూపించక ఏం చేస్తాది చెప్పండి.

మావయ్యతో ఆ రోజే అన్నా, మావయ్యా ముందు దీనికి కట్టు లేని చోటు చేద్దాం, ఆ తర్వాతే ఏ నేర్పుడైనా అని. మావయ్య అన్నాడు, "ఒరే అల్లుడూ, విప్పీస్తే ఊరు మీద పడిపోతాదిరా, ఎవుడాపుతాడు?" భయం న్యాయమైనదే. అందుకే మొదటి పని కంచె.

కార్తీకం మొదట్లో, చోటు కట్టడం

మామిడి తోట పక్క కల్లం చోటు తీసుకున్నాం. సాల 14 అడుగులకి 14, మామూలు గుర్రానికి 12కి 12 చాలంటారు, మగదానికి కొంచెం ఎక్కువుంటే మనం లోపలున్నప్పుడు పక్కకి తప్పుకోవడానికి చోటు ఉంటుంది. దాన్ని ఆనుకుని బయట తిరిగే ఆవరణ. గుంజలకి కొబ్బరి దుంగలు, అడ్డాలకి సరుగుడు బాదులు, ఎత్తు 6 అడుగులు. మగ గుర్రానికి 5 అడుగులకి తక్కువ కంచె అసలు కంచె కాదు, మెడ పైనుంచి చాపి అవతల ఏముందో చూస్తాది, ఛాతీతో నెడతాది. ముళ్ళ కంచె మాత్రం ఎంత చవకైనా వద్దు, ఒకసారి కాలు దూరి గుంజుకుంటే చర్మం కండ దాకా చీరుకుపోతుంది. అడ్డ బాదులు గుంజలకి లోపలి వైపు కొట్టాం, బయటి వైపు కొడితే గుర్రం ఆనుకున్నప్పుడు మేకులు ఊడొస్తాయి.

పై రేకులకి జె బోల్టులు, కింద ఇనప పట్టీలు. ఇది గుర్రం కోసం కాదు, తుఫాను కోసం. 2018 అక్టోబర్లో తిత్లీ మన జిల్లా మీద పడ్డప్పుడు ఉద్దానంలో కొబ్బరి తోటలే పడిపోయాయి, రేకుల సంగతి చెప్పాలా. ఎగిరే రేకు, బెదిరిన మగ గుర్రం ఒకే చోట ఉండకూడదు.

ఈ పనిలో నాకు బాగా ముఖ్యమనిపించింది గేటు. వెడల్పు 5 అడుగులు పెట్టించా, ఎందుకంటే ఇరుకు గేటులో గుర్రం తుంటి తగిలితే ఒక్కసారిగా ముందుకి దూకుతాది, పక్కనున్న మనిషి గుంజకి నొక్కుకుపోతాడు. గొళ్ళెం ఒక చేత్తో తీసేలా ఉండాలి, రెండో చేతిలో తాడు ఉంటుంది కదా. ఇంకా మొదటి గేటుకి బయట చిన్న దొడ్డి ఒకటి, దానికి రెండో గేటు, అంటే గుర్రం చెయ్యి జారినా రోడ్డు మీదకి పోదు, దొడ్డిలోనే ఆగుతాది. సాల మూలలో మనిషి దూరి బయటపడేంత సందు ఒకటి వదిలాం, గుర్రం పట్టదు, మనిషి పక్కకి తిరిగితే పడతాడు. వడ్రంగి ఆ సందు ఎందుకో అడిగితే చెప్పాను, ఆయన ఇంకో బాదు తీసేసి కొంచెం వెడల్పు చేశాడు, "లావుపాటోళ్ళు కూడా ఉంటారు కద బాబూ" అని. సరైన మాట.

నేల మీద నాగావళి ఇసక పోశాం, పొర్లడానికి. మేత మాత్రం ఇసక మీద వేయకూడదు. గడ్డితో పాటు ఇసక కడుపులోకి పోయి పేగుల్లో పేరుకుని నొప్పి వస్తుంది, గుర్రానికి వాంతి చేసుకునే వీలు శరీరంలోనే లేదు, ఏది లోపలికెళ్ళినా వెనక నుంచే రావాలి. అందుకని సిమెంటు గాడి కట్టి అందులోనే మేత వేస్తున్నాం. అప్పుడప్పుడు లద్ది రెండు ఉండలు నీళ్ళ సీసాలో వేసి కలిపి నిలబెట్టి చూస్తాను, అడుగున ఇసక ఎంత దిగిందో తెలిసిపోతుంది.

కార్తీకం చివర, ఊరికే చూడ్డం

కట్టు విప్పాక వెంటనే నేర్పించడం మొదలెట్టలేదు. రోజూ పొద్దునా సాయంత్రం కంచె బయట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఏం చేస్తుందో రాసుకోవడమే. మావయ్య మొదట్లో విసుక్కున్నాడు, తర్వాత ఆయనే ఇంకో కుర్చీ తెచ్చుకున్నాడు.

మొదటి కొన్నాళ్ళు విప్పినా కట్టు చోటు దాటలేదు, ఆ మధ్యలోనే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మారుస్తూ తల అటూ ఇటూ ఊపుతూ నిలబడేది. ఇది ఆట కాదు, ఏళ్ళ తరబడి ఒంటరిగా కట్టేసినదానికి వచ్చే అలవాటు, ఇంగ్లీషులో వీవింగ్ అంటారు. కొన్ని మగ గుర్రాలు తమ పక్కల్ని తామే కొరుక్కుంటాయి కూడా. ఒకరోజు మధ్యాహ్నం మెల్లగా మూల దాకా నడిచింది, ఇసక వాసన చూసి పొర్లింది, లేచి దులుపుకుని ఆవరణ అంతా దౌడు తీసింది. మావయ్య నోట మాట లేదు.

లద్ది సంగతి చెప్పాలి. మగ గుర్రం ఎక్కడ పడితే అక్కడ వేయదు, ఒక కుప్ప ఉంటుంది. దగ్గరికెళ్ళి వాసన చూస్తాది, వెనక్కి తిరిగి దాని మీదే వేస్తాది, మళ్ళీ తిరిగి వాసన చూస్తాది. ఇక్కడ నేనున్నాను అని మిగతా మగవాటికి చెప్పడం అది. అందుకని శుభ్రం చేసేటప్పుడు కుప్పంతా ఎత్తేయకుండా కొంచెం వదుల్తున్నా, పూర్తిగా ఎత్తేసిన రోజు ఆవరణ అంతా తిరుగుతూ ఉంది.

గుర్రం నవ్వుతోంది అని పిల్లలు ఫోన్లు పట్టుకొచ్చారు చూడ్డానికి. పై పెదవి పైకి చుట్టి, మెడ చాపి, తల ఎత్తి అలా కాసేపు ఉంటాది. వాసనని ముక్కు అడుగున ఉండే జాకబ్సన్ అవయవానికి పట్టిస్తోందన్నమాట, ముఖ్యంగా ఆడదాని మూత్రం వాసన తగిలితే చేస్తాది. దీనికి ఫ్లెమెన్ అని పేరు. అప్పుడు దాని మనసు మన మీద లేదని అర్థం, ఆ టైములో దగ్గరికెళ్ళి జూలు పట్టుకోవద్దు.

ప్రమాదపు గుర్తులు వేరే. చెవులు మెడకి అంటుకునేలా వెనక్కి పడిపోవడం, తల నేలకి దించి మెడ పాములా అటూ ఇటూ ఆడిస్తూ మన వైపు రావడం. ఈ పాము మెడ మందలో ఆడవాటిని తోలడానికి చేసేది. సినిమాల్లో మగ గుర్రం ముందు పరిగెడితే మంద వెనకొస్తుంది కదా, నిజంగా అడవి మందల్లో మేతకీ నీళ్ళకీ చాలాసార్లు ముందు నడిచేది పెద్ద ఆడ గుర్రం, మగది ఎక్కువగా వెనకుండి తోలుతుంది, బయటి మగవాటిని ఆపుతుంది. అందుకని మనిషిని వెనక నుంచి నెట్టాలని చూడటం దాని పుట్టుకలో ఉన్నదే, అది తప్పు కాదు. నెట్టనివ్వకుండా మనం ఎక్కడ నిలబడాలో తెలుసుకోవాలి.

చూపు గురించి కూడా. గుర్రానికి దాదాపు 350 డిగ్రీలు కనబడుతుంది, కానీ సరిగ్గా తోక వెనకా, నుదురు ముందూ కనబడదు. మనవాళ్ళు ప్రేమగా ఎదురొచ్చి నుదుటి మీద చెయ్యి వేస్తారు. ఆ చెయ్యి దానికి కనబడదు, తగిలేదాకా తెలీదు.

మార్గశిరం, తాడు పని

టౌన్లో వెనకటికి జట్కాలు తోలిన పెద్దాయన ఒకాయన ఉన్నారు, తాతయ్యని ఎరిగినాయన. వయసు బాగా మీద పడింది అయినా పిలవగానే వచ్చారు. దేశంలో 2012 లెక్కల్లో ఆరు లక్షల పైచిలుకు ఉన్న గుర్రాలు 2019 పశుగణనకి 3.4 లక్షలకి పడిపోయాయి, మన వైపు జట్కాలు అంతకు ముందే పోయాయి. గుర్రాలతో పాటు పట్టడం తెలిసినవాళ్ళూ పోతున్నారు, అందుకే ఆయన చెప్పింది చెప్పినట్టు రాసి పెడుతున్నా.

తాడు పత్తిది, 10, 12 అడుగులు. నైలాన్ అయితే గుంజినప్పుడు చేతి చర్మం ఒలిచేస్తుంది. మిగిలిన తాడుని ఎడం చేతిలో మడతలు మడతలుగా పట్టుకోవాలి, అరచేతికి చుట్టుకోకూడదు, ఒక్క చుట్టు కూడా. ఆయన నా చేతిలో తాడు తీసుకుని చూపించారు, ముందు మడత పెట్టి పట్టుకుని నన్ను గుంజమన్నారు, మడతలు ఒక్కొక్కటే జారి తాడు పోయింది, ఆయన చెయ్యి ఖాళీగా మిగిలింది. తర్వాత అదే తాడుని తన మణికట్టుకి ఒక్క చుట్టు చుట్టి గుంజమన్నారు. నేను మెల్లగా గుంజినా ఆయన మనిషి మొత్తం ముందుకొచ్చేశారు. "ఇప్పుడు నా బదులు నువ్వు, నీ బదులు బాద్షా అనుకో బాబూ" అన్నారు. ఇంకేం చెప్పక్కర్లేదు.

నిలబడే చోటు ఎడం భుజం పక్కన, చెయ్యి చాచినంత దూరంలో. సరిగ్గా ముందు నిలబడితే ముందు కాళ్ళతో కొడతాది, మగ గుర్రాలు పోట్లాటలో వాడేది ముందు కాళ్ళే, వెనక కాళ్ళ గురించి అందరూ జాగ్రత్త పడతారు గానీ ముందు కాళ్ళని మర్చిపోతారు. లేస్తే గుంజకూడదు, గుంజితే వెనక్కి విరుచుకు పడిపోవచ్చు. తాడు వదులు చేసి భుజం వైపే ఉండి, కిందికి దిగగానే ఆపకుండా ముందుకి నడిపించి చిన్న గుండ్రం తిప్పాలి. కాళ్ళకి పని దొరికితే మళ్ళీ లేవదు.

కరవడానికొస్తే మూతి మీద కొట్టడం అందరూ చేసేదే. కానీ మగ గుర్రాలు ఒకదానితో ఒకటి ఆడుకునేది ఇలాగే, ఒకటి కొరకబోతాది, రెండోది తల తిప్పుతాది, మళ్ళీ మొదలు. మూతి మీద చిన్న దెబ్బ వేస్తే ఆటకి ఒప్పుకున్నట్టు లెక్క. గట్టిగా కొడితే తలకి భయం పట్టి తర్వాత కళ్ళెం కూడా పెట్టనివ్వదు. పెద్దాయన చేసేది వేరు, మూతి మన వైపు తిరగ్గానే ఏదో ఒక పని చెప్తారు, రెండడుగులు వెనక్కి, లేదా తుంటి అవతలికి. అరవరు, కోపం లేదు, ప్రతిసారీ అదే. మా దగ్గర ఇప్పుడు చేత్తో బెల్లం, అరటిపండు పెట్టడం బంద్, ఏదైనా గాడిలోనే. పిల్లలకి ఇది చెప్పడం గుర్రానికి నేర్పడం కన్నా కష్టంగా ఉంది.

ఈ కట్టుబాట్లు ఇంట్లో అందరికీ ఒకటే. బూట్లు లేకుండా లోపలికి పోవడం లేదు, హెల్మెట్ నేను పెట్టుకుంటున్నా, మావయ్య కూడా పెట్టుకుంటున్నాడు. ఒక్కరే ఉన్నప్పుడు లోపలికి వెళ్ళకూడదు, అరుపు వినబడేంత దూరంలో ఇంకొకరు ఉండాలి.

మేత, క్లుప్తంగా

ఉలవ గుగ్గిళ్ళు తగ్గించాం. ఊరేగింపు గుర్రానికి తిండి బాగా పెట్టాలని పూటా పూటా ఉలవలు పోసేవారట, పని లేకుండా గింజ పోస్తే ఆ బలం ఎటు పోవాలి మరి. ఒంటి బరువు 350 కిలోలు అనుకుంటే రోజుకి 7 కిలోలు ఎండు మేత, బరువులో 2 శాతం లెక్క. వరిగడ్డి ఒక్కటే వేస్తే పేగుల్లో కట్టుకుపోయే భయం, అందుకని జొన్న చొప్ప, పచ్చి గడ్డి కలిపి, వరి కోసిన మళ్ళలో చల్లిన పిల్లిపెసర వచ్చాక అది. నేపియర్ గడ్డి ఊళ్ళో ఆవులకి అందరూ వేస్తారు, గుర్రానికి అదే ప్రధానంగా వేయొద్దు, అందులో ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసి కొన్నాళ్ళకి ఎముకలు గుల్లవుతాయి, మొహం ఎముకలు ఉబ్బుతాయి. ఉప్పు రాయి ఎప్పుడూ ఉండాలి. నీళ్ళు రోజుకి 20 నుంచి 40 లీటర్లు తాగుతుంది, ఎండని బట్టి.

సాయంత్రం వేపాకు పొగ వేస్తున్నాం. జోరీగలు కుడితే సర్రా అనే జబ్బు రావచ్చు, రక్తంలో ట్రిపనోసోమా అనే పరాన్నజీవి చేరి జ్వరం వచ్చి తగ్గి మళ్ళీ వస్తుంది, కాళ్ళు వాస్తాయి, గుర్రం చిక్కిపోతుంది. పొద్దున్నే టెంపరేచర్ చూసి గోడ మీద రాస్తున్నా, 99 నుంచి 101.5 ఫారెన్‌హీట్ మధ్య ఉంటే బాగున్నట్టే.

సంక్రాంతి ముందు, రోడ్డు మీద ఆడ గుర్రం

కంచె కట్టింది ఇలాంటి రోజు కోసమే. పొరుగూరు సంబరానికి పోయే వాళ్ళు ఆడ గుర్రం ఒకదాన్ని మా తోట ముందు రోడ్డు మీదుగా నడిపించుకుపోయారు. ఆడ గుర్రాలు పగలు పొడుగయ్యే కాలంలో ఎక్కువగా ఎదకొస్తాయి, 21 రోజులకోసారి, అందులో 5 నుంచి 7 రోజులు ఎద ఉంటుంది, కానీ మన వేడి ప్రాంతాల్లో కొన్ని చలికాలంలో కూడా వస్తాయి, కాబట్టి ఇది ఆ కాలం కాదులే అనుకోడానికి లేదు.

అది ఇంకా మలుపు దగ్గరుండగానే బాద్షా తల ఎత్తేసింది. ఒళ్ళంతా పెద్దదైపోయినట్టు కనబడింది, మెడ విల్లులా వంగింది, తోక లేచింది, సకిలింపు నాగావళి అవతలికి వినబడి ఉంటాది. కంచె పొడవునా పరిగెత్తింది, ఛాతీతో బాదులు నెట్టింది. బాదు కిర్రుమంది గానీ కదల్లేదు. మావయ్య గేటు వైపు కదిలాడు పట్టుకోవాలని, పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, "ఒగ్గీ. ఇప్పుడు దానికి నువ్వు కనబడవు" అన్నారు. అందరం దూరంగా నిలబడ్డాం. ఆడ గుర్రం వెళ్ళిపోయాక కూడా చాలాసేపు తిరిగింది, లద్ది కుప్ప దగ్గరికి పోయి వచ్చి పోయి వచ్చి, చెమటతో నల్లబడిపోయింది. చీకటి పడ్డాక తాడు తీసుకుని లోపలికెళ్ళా, రెండడుగులు వెనక్కి అన్నా, వెనక్కి వేసింది.

అంటే తాడు పని దానికి ఎక్కింది. కానీ ఆడ గుర్రం ఎదురుగా ఉన్నప్పుడు కూడా అది పని చేస్తుందని నేను చెప్పను. సంతానం కోసం వాడే మగ గుర్రాలకి మంచి పట్టేవాళ్ళు రెండు వేర్వేరు హాల్టర్లు (తలకి తొడిగే పట్టీలు) వాడతారు, ఒకటి ఆడదాని దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు మాత్రమే, రెండోది మామూలు నడకకి, ఏది తలకి తగిలితే ఏం పనో గుర్రానికి తెలిసిపోతుంది. ఆడవాటిని పట్టుకున్న చేతులూ బట్టలూ కడుక్కుని గానీ మగదాని దగ్గరికి రారు. ముక్కు పుటాలకి విక్స్ రాసి వాసన మరిపించేవాళ్ళూ ఉన్నారు. ఇవన్నీ తెలిసిన చేతుల్లో, ఖాళీ మైదానంలో సంగతి. బ్యాండు, టపాసులు, థప్పెటగుళ్ళు, భుజాల మీద పిల్లలు, వీటి మధ్యలో మగ గుర్రాన్ని నడిపించడం అంటే నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు, ఎంత బాగా నేర్పినా సరే.

కనుమ తర్వాత, తోడు

పెద్దాయన దగ్గర ఒక ముసలి గుర్రం మిగిలి ఉంది, విత్తులు కొట్టించినది, బండి లాగడం మానేసి చాలా కాలమైంది. దాన్ని మా తోటకి తెచ్చాం. మావయ్య అన్నాడు, "అదేటిరా, గుర్రానిక్కూడా మనిషికి మల్లే తోడు కావాలంటావా?" కావాలి. మగ గుర్రం ఒంటరి జంతువు కాదు, మందలో పుట్టి, కుర్ర వయసులో మంద వదిలాక కూడా తన ఈడు మగవాటితో కలిసి గుంపుగా తిరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో అవాంష్ అనే ఊళ్ళో జాతీయ అశ్వశాల ఉంది, అక్కడ సంతానానికి వాడే మగ గుర్రాల్నే సీజన్ అయ్యాక పెద్ద మైదానంలో కలిపి వదిలి చూశారు, మొదటి రోజుల్లో హడావిడి ఉన్నా అందులో ఎక్కువ భాగం బెదిరింపులూ వాసన చూసుకోవడాలే. సాలల్లో ఉన్నప్పుడు కూడా పక్క గుర్రాన్ని ముట్టుకోగలిగేలా నిలువు ఊచల గోడలు పెట్టి చూశారు.

మేం అంత దూరం పోలేదు. ముందు రెండు కంచెల మధ్య 8 అడుగుల ఖాళీ వదిలి చూపించాం. కీచుమని అరిచింది, ముందు కాలితో నేల కొట్టింది, కుప్ప మీద కుప్ప వేసింది, ముసలిది తల కూడా ఎత్తకుండా గడ్డి తింటూనే ఉంది. రోజులు గడిచేకొద్దీ హడావిడి తగ్గింది. ఇప్పుడు రెండింటి మధ్య ఒక్క కంచే, మెడ దూర్చి ఒకదాని జూలు మొదలు ఇంకోటి పళ్ళతో గోక్కుంటున్నాయి. తల ఊపుడు బాగా తగ్గింది, మేత టైములో తప్ప కనబడట్లేదు. నాకైతే ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, ఏ తాడూ ఏ చైనూ కాదు. మనిషి మీదకి వచ్చే కోపం చాలా వరకు ఆ ఒంటరితనం లోంచి వచ్చిందే అని ఇప్పుడు నమ్ముతున్నా.

రథసప్తమి దాటాక, విత్తుల మాట

అరసవిల్లి వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చాక మావయ్యే ఎత్తాడు మాట. పెళ్ళి సీజన్ కదా, ఊరేగింపుకి ఇవ్వమని అడిగినవాళ్ళు ఉన్నారు. మావయ్య ఇవ్వనని చెప్పేశాడు. దాంతో అసలు ప్రశ్న ముందుకొచ్చింది, దీన్ని మగదానిగా ఎందుకు ఉంచాలి? సంతానం కోసం అంటే మంచి వంశం కాగితాలుండాలి, ఆడ గుర్రాలుండాలి, పుట్టిన పిల్లలకి గతి ఉండాలి, ఆడది 11 నెలలు మోసి కంటే ఆ పిల్ల కూడా ఎక్కడో అగాడి పిచ్చాడి కట్టులోకే పోతే ఎందుకు కన్నట్టు. మా దగ్గర ఇవేమీ లేవు. కొట్టిస్తే ముసలిదానితో ఒకే ఆవరణలో తిరగొచ్చు, రోడ్డు మీద ఆడ గుర్రం పోయినా ఇంత యాతన పడదు.

మావయ్య బెంగ ఒకటే, ఆ రూపం పోతుందేమో అని. అయిదేళ్ళకి ఎముకా మెడా వచ్చేశాయి కాబట్టి అంత మారదు, మెడ మీద కండ కొంచెం తగ్గుతుందేమో. అలవాట్లు కూడా అన్నీ పోవు, పెద్దయ్యాక కొట్టించినా ముందు కొట్టించినా సుమారు నాలుగింట ఒక వంతు గుర్రాల్లో మగ లక్షణాలు కొన్ని మిగుల్తాయి. ఇది మావయ్యకి ముందే చెప్పా, ఆపరేషన్ అవ్వగానే వేరే గుర్రం అయిపోదని.

గరివిడి వెటర్నరీ కాలేజీలో చేయించాలని డాక్టరు గారు సలహా. జోరీగలు ముసరక ముందే, చల్లటి రోజుల్లోనే అవ్వాలి. ధనుర్వాతం టీకా ముందే పడింది. అయ్యాక కూడా కట్టేసి ఉంచకూడదు, రోజూ నడిపించాలి, లేకపోతే వాపు దిగదు. రక్తం చుక్కలు చుక్కలుగా లెక్కపెట్టేలా పడితే ఫర్లేదు, ధారగా పడినా, గాయం లోంచి ఏదైనా బయటికి వేలాడినా ఆ నిమిషమే ఫోన్ చెయ్యాలి. ఆ తర్వాత కూడా ఆరు వారాల దాకా ఆడ గుర్రాలకి దూరంగా ఉంచాలి, లోపల మిగిలిన వీర్యంతో ఇంకా చూలు నిలిచే వీలుంది.

మావయ్య ఒక రోజంతా మాట్లాడకుండా కంచె దగ్గర కూర్చున్నాడు. సాయంత్రం వచ్చి, సరే రాయించీ అన్నాడు.

ఇప్పుడున్న పరిస్థితి. గెడ్డ దాకా నడక అయ్యింది, నేను తాడు పట్టుకుంటే మావయ్య వెనక దూరంగా వస్తాడు. ముందు కాళ్ళు రెండూ ఎత్తనిస్తోంది, వెనక కాళ్ళు ఇంకా ఎత్తనివ్వదు, ఆ తెల్ల రోమాల చోట చెయ్యి పడగానే ఒళ్ళు బిగుస్తుంది. అక్కడ తాడు వాడట్లేదు. వెదురు కర్రకి పాత చేతి గ్లవ్ కట్టి దాంతో దూరం నుంచి తుంటి మీంచి కిందికి రాస్తున్నా, కదలకుండా ఉంటే తీసేస్తున్నా. మోకాలి దాకా వచ్చింది. గరివిడి వెళ్ళాలంటే లారీ ఎక్కాలి కాబట్టి దొడ్డిలో మట్టి గట్టు వేసి ర్యాంపు తొక్కడం మొదలెట్టాం, ముసలిదాన్ని ముందు ఎక్కిస్తే వెనకాలే ఎక్కేస్తోంది. లారీ మాట్లాడేటప్పుడు రెండింటికీ చోటుండేది చూడమని మావయ్యకి చెప్పా.